సంపులో మూడు గంటలు

రెండువేల తొమ్మిది డిసెంబరులో మా ఇంట్లో టీవీ పొద్దున ఆరింటికి మొదలైతే పడుకునేదాకా ఆగేది కాదు. అమ్మ కూరగాయలు తరుగుతూ చూసేది. నాన్న గడ్డం గీసుకుంటూ చూసేవాడు. అందులో చూపించేది మా గల్లీ గోడకి అవతల జరుగుతున్న ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమే. టియర్ గ్యాస్ పేలిన చప్పుడు ముందు కిటికీలోంచి వినబడేది, కాసేపాగి టీవీలో వినబడేది.

మాది తార్నాకలో యూనివర్సిటీ ప్రహరీని ఆనుకుని ఉన్న గల్లీ. నాన్న పేరయ్య దగ్గర్లోని ఒక ల్యాబులో టెక్నీషియన్. అమ్మ అరుంధతి స్కూల్లో లెక్కలు చెప్పేది. ఇద్దరిదీ కృష్ణా జిల్లా, దివిసీమ వైపు. నేను మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడు. ఆ నెలంతా క్లాసుల్లేవు. హాస్టళ్ళలో మెస్సులు మూసేశారు.

మేడ మీద గదిలో రాంచందర్ అన్న అద్దెకుండేవాడు. జనగామ దగ్గర పల్లె ఆయనది. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. నాలుగేళ్ళుగా మాతోనే ఉండటంతో ఆయన అద్దెకున్నవాడన్న సంగతే మరిచిపోయాం. ఆ డిసెంబరులో గుర్తొచ్చింది.

విజయవాడ నుంచి మా మేనమామ సుందరరావు రోజూ ఫోన్ చేసేవాడు. "బావా, ఆ ఇల్లు వచ్చిన రేటుకి అమ్మేసి వచ్చెయ్యండి. పైన ఆ కుర్రాణ్ణి పెట్టుకుని ఎలా పడుకుంటున్నారో నాకు అర్థం కావట్లేదు" అనేవాడు. నాన్న "చూద్దాం" అని పెట్టేసేవాడు. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మెట్లవైపే చూసేవాడు.

రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చి, మళ్ళీ వెనక్కి పోయిన వారం అది. సాయంత్రం రాంచందర్ అన్న మెట్లెక్కబోతుంటే నాన్న ఆపాడు.

"రాంచందర్, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలయ్యా."

"ఏమైంది సార్?"

"నువ్వు రోజూ ఆ దీక్ష టెంటులో కూర్చుంటున్నావు. రేపు పోలీసులొచ్చి ఇల్లు వెతికితే? ఆడపిల్ల ఉన్న ఇల్లు."

"మీకు పోలీసులంటె భయమా సార్, నేనంటె భయమా?"

నాన్న గేటు వైపు చూశాడు.

"నాలుగేండ్ల సంది ఉంటున్న. ఒక్కనాడన్న మిమ్మల్ని పొమ్మన్ననా?"

"నువ్వనలేదు. మీవాళ్ళు అంటున్నారు."

"మావోళ్ళంటె ఎవరు సార్? మా అమ్మనా?"

అమ్మ లోపల్నుంచి "ఏమండీ" అని గట్టిగా పిలిచింది. రాంచందర్ అన్న "సరే సార్, పోత" అని, పైకెక్కకుండానే వెనక్కి తిరిగి గేటు దాటి వెళ్ళిపోయాడు. రెండ్రోజులు ఇంటికి రాలేదు. నిరాహార దీక్షలో కూర్చున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

మూడోనాడు పొద్దున ఆరు కాకముందే లేచి వాకిలి ఊడుస్తున్నాను. ఆ ఏడు చలి గట్టిగానే ఉంది. నోరు తెరిస్తే పొగ వస్తోంది. గోడ అవతల ఈలలు వినిపించాయి. ఆ వెంటనే పరుగులు. తలెత్తేసరికి రాంచందర్ అన్న ప్రహరీ మీద ఉన్నాడు. మా సందులోకి దూకి, తూలి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. రెండ్రోజులు తినని మనిషి, ముఖం పీక్కుపోయి ఉంది. గల్లీ మొదట్లో బూట్ల చప్పుడు మొదలైంది.

మేడ మెట్లు వీధిలోకి కనిపిస్తాయి. అటు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంటి పక్క సందులో, నేల కింద నీళ్ళ సంపు ఉంది. దాని ఇనుప మూత ఎత్తి లోపలికి జారిపోయాడు. నీళ్ళు కదిలిన చప్పుడు.

"మూత ఏసెయ్ మనీషా" అన్నాడు.

వేసేశాను. చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

పోలీసులు ఇల్లంతా చూశారు. మేడ మీద గది తీయించారు. నాన్న లుంగీ మీద స్వెట్టర్ వేసుకుని వెంట తిరుగుతూ, "రెండ్రోజుల్నించి రాలేదండీ. నేనే ఖాళీ చెయ్యమన్నాను" అన్నాడు. అది నిజమే కాబట్టి మాట తడబడలేదు. ఎస్సై నాన్న యాస విని, మెత్తబడి, "జాగ్రత్తండీ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఇద్దరు కానిస్టేబుళ్ళని మా గేటు దగ్గరే ఉండమన్నాడు. వాళ్ళు గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. అక్కణ్ణుంచి చూస్తే మా సందు చివరిదాకా కనిపిస్తుంది. సంపు మూత కూడా.

నాన్నకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఇరవై రెండేళ్ళు నన్ను పెంచిన మనిషి. ఏం చేస్తాడో ఆ పొద్దున నాకు తెలియలేదు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కాసేపట్లో పోతారులే అనుకున్నాను. ఆరున్నరకి సందులో పైపు బుసకొట్టింది. మంచినీళ్ళు వచ్చే రోజు అది. మాకు రోజు విడిచి రోజు వచ్చేవి.

సంపు ఆరడుగుల లోతు. సగం పైనే నీళ్ళున్నాయి. ఇంకో గంట వస్తే నిండుతుంది. నిండితే నీళ్ళకీ మూతకీ మధ్య జానెడు కూడా మిగలదు. నేను వంటింట్లోకి పరిగెత్తి మోటారు వేశాను. నీళ్ళు పై ట్యాంకుకి ఎక్కుతుంటే సంపులో తగ్గుతాయి, అంతే నాకు తోచింది. మోటారు తోడేదెంతో, పైపులో వచ్చేదెంతో లెక్క తెలియదు. ట్యాంకు సగం నిండే ఉన్నట్టుంది. ముప్పావుగంట కాకుండానే పొర్లి, గోడ మీదుగా కారి, గేటు దగ్గర పడింది.

"అమ్మా! ట్యాంకు పొర్లుతున్నది! నా నెత్తి మీద వడ్తున్నయ్!" పెద్ద కానిస్టేబుల్ అరిచాడు. రాజన్న అని రెండోవాడు పిలవగా విన్నాను.

నాన్న వచ్చి మోటారు స్విచ్ మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఆపొద్దు నాన్నా."

"మతి పోయిందా నీకు?"

"సంపులో మనిషున్నాడు."

ఎవరని అడగలేదు. స్విచ్ మీది చెయ్యి అలాగే ఉంది. నేను ఆ చెయ్యే చూస్తున్నాను.

"ఎప్పట్నించి?"

"ఆరు కాకముందు నుంచి."

గోడగడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది.

"నీళ్ళెంతదాకా ఉన్నాయి?"

"తెలీదు."

"బాత్రూముల్లో కుళాయిలన్నీ తిప్పెయ్. వంటింట్లోదీ. ట్యాంకు పొర్లకూడదు, మోటారు ఆగకూడదు." ఆ మాట అని, స్పానర్ తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. "వాల్వు పాడైంది సార్, ఎప్పుడూ ఇంతే" అంటూ వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని సంపులోకి వచ్చే నీళ్ళు కట్టేశాడు. వస్తూ వస్తూ సంపు మూత పక్కన ఆగి, నన్ను చూసి గొంతు పెంచాడు.

"ఏంటమ్మా ఆ గంతులు? చలేస్తుందని కాళ్ళూ చేతులూ ఆడిస్తే ఉన్న వేడి కూడా పోద్ది. చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుని ఉండు. కదలకు. నేనొస్తున్నాగా!"

నేను గంతులేం వెయ్యడంలేదు. కానిస్టేబుళ్ళు నవ్వారు. మూత కింద నుంచి చిన్న చప్పుడు, వేలితో తట్టినట్టు ఒకసారి వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. మోటారు ఆగింది. అప్పటికి నీళ్ళు నడుముదాకా తగ్గుంటాయని నాన్న లెక్క. కానీ తడిసిన మనిషి ఇంకా ఆ చీకట్లోనే ఉన్నాడు.

అమ్మకి చెప్పక తప్పలేదు. విని, స్టవ్వు దగ్గరే కూర్చుండిపోయింది. "మీ ఉద్యోగం పోద్దండీ. పిల్ల చదువు పోద్ది" అంది. ఆ మాట అనేసి లేచింది. లోపలి గదిలోకెళ్ళి మంచాల మీది దుప్పట్లన్నీ లాగి, బకెట్లో ముంచి, పిండి, సందులో అడ్డంగా ఉన్న తీగ మీద ఒక్కొక్కటీ ఆరవేయడం మొదలుపెట్టింది. గేటుకీ సంపుకీ మధ్య.

"గింత చలిల దుప్పట్లు పిండుతున్నవేందమ్మా?" రాజన్న అడిగాడు.

"నీళ్ళు ఈరోజే వచ్చాయి బాబూ. మళ్ళీ ఎల్లుండే" అంది అమ్మ. వాళ్ళకి టీ ఇచ్చి, రెండు కుర్చీలు తెచ్చి, ఎదురింటి గోడ దగ్గర ఎండపొడ పడుతున్న చోట వేసింది. "అరుగు చల్లగా ఉంటది, ఎండలో కూర్చోండి" అంది. వాళ్ళు కదిలి కూర్చునేసరికి ఎనిమిదీ నలభై అయింది.

దుప్పట్ల వెనక నాన్న మూత ఎత్తాడు. ఇనుము రాసుకోకుండా కింద గోనెపట్టా వేశాడు.

రాంచందర్ అన్న గోడకి ఆనుకుని, నడుముదాకా నీళ్ళలో, తల పక్కకి వాల్చి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూసినట్టు లేదు. వణకడంలేదు. వణకడం లేదు కదా, పర్లేదేమో అనుకున్నాను.

"రా అన్నా, చెయ్యివ్వు" అన్నాను గుసగుసగా. చెయ్యి లేచింది, నా వేళ్ళకి తగిలింది, కానీ వేళ్ళు ముడుచుకోలేదు. కర్ర ముక్కలా జారిపోయింది.

నాన్న స్వెట్టరూ చొక్కా విప్పి సంపులోకి దిగాడు. దుప్పటి ఒకటి మడిచి అన్న చంకల కింద నుంచి, ఇంకొకటి తొడల కింద నుంచి వేసి, కొసలు మాకందించాడు. అమ్మా నేనూ పైనుంచి లాగాం, నాన్న కింద నుంచి ఎత్తాడు. బయటికి రాగానే నేను అన్న భుజం కింద చెయ్యి వేసి లేపబోయాను.

"నిలబెట్టొద్దు!" నాన్న గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది, కానీ అది అరుపే. "పడుకోబెట్టు. పడుకోబెట్టే ఉంచు."

బొంత మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆ బొంతని మెల్లగా వెనక గుమ్మం గుండా వంటింట్లోకి లాక్కెళ్ళాం. గడప దగ్గర ముగ్గురం ఎత్తి, గుడ్డు దించినట్టు దించాం. నాన్న కత్తెరతో తడిబట్టలు కత్తిరించేశాడు. నన్ను అటు తిరగమనలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పొడి తువ్వాలుతో అద్ది, ఇంట్లో ఉన్న రగ్గులన్నీ కప్పాం.

అమ్మ కర్పూరతైలం సీసా తెచ్చి అరికాళ్ళు రుద్దబోయింది.

"రుద్దొద్దు అరుంధతీ."

"మంచులా ఉన్నాయండీ!"

"ఉండనీ. కాళ్ళల్లో చేతుల్లో ఉన్న చల్లటి నెత్తురు ఒక్కసారి గుండెకి పోతే అది ఆగిపోద్ది. ముందు ఛాతీ వెచ్చబడాలి."

"పోనీ వేడినీళ్ళు పోద్దామా?"

"వద్దు. సీసాల్లో పట్టు. చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి, అంతే. గుడ్డ చుట్టి తీసుకురా."

చంకల్లో రెండు, ఛాతీకి ఇటొకటి అటొకటి పెట్టాం. తలకి నాన్న మంకీక్యాప్ తొడిగాం. అప్పుడు నాన్న ఒళ్ళు తుడుచుకుని, ఆ రగ్గుల కిందికి దూరి, ఆయన్ని తన ఛాతీకి ఆనించుకుని పడుకున్నాడు. మూడు రోజుల కింద ఖాళీ చెయ్యమన్న మనిషిని.

"సార్..." అన్నాడు రాంచందర్ అన్న. మాట ముద్దముద్దగా వచ్చింది. "ఇడువుండ్రి సార్... చలి లేదు... నేను పోవాలె."

"చలి లేదంటున్నాడు. వణుకు కూడా లేదు" అంది అమ్మ ఆశగా.

"అదే భయం" అన్నాడు నాన్న. "వణికే ఓపిక కూడా అయిపోయింది. మనీషా, డాక్టరుగారిని తీసుకురా. పరిగెత్తొద్దు. నడిచి వెళ్ళు."

పక్క గల్లీలో సోమయాజులు గారని రిటైరైన డాక్టరు ఉండేవారు. నడిచి వెళ్ళాను. కానిస్టేబుళ్ళ ముందు నుంచి, వీపు మీద వాళ్ళ చూపు మోస్తూ. తిరిగొచ్చేటప్పుడు రాజన్న లేచి నిలబడ్డాడు. "ఎవరికి బాగలేదు?"

"అమ్మకి బీపీ" అన్నాను.

"ఇందాక బాగనే ఉన్నది గద?"

"బీపీ అంటే అంతే నాయనా" అన్నారు సోమయాజులు గారు, ఆగకుండానే.

థర్మామీటర్ పెట్టి తీస్తే పాదరసం మొదటి గీత దగ్గరికి కూడా లేవలేదు. నాడి నిమిషం నిండా పట్టుకుని చూశారు. "నలభై నాలుగు" అన్నారు. "మీరు చేస్తున్నది సరైనదే పేరయ్యగారూ. ఇంతకన్నా నేనూ చేసేదేం లేదు. కానీ ఇది ఆస్పత్రి కేసు. అరగంట చూస్తాను. వణుకు మొదలైతే సరి, లేకపోతే బయట ఎవరున్నా సరే అంబులెన్సు పిలుస్తాను."

"పిలవండి" అన్నాడు నాన్న రగ్గుల కింద నుంచి. "జైల్లో వేసినా మనిషంటూ ఉంటాడు."

అంబులెన్సు వస్తే గేటు దగ్గర ఏమవుతుందో అందరికీ తెలుసు. అమ్మ సీసాల్లో నీళ్ళు మార్చింది. మళ్ళీ మార్చింది. నేను గడియారం చూడకూడదనుకుని స్టవ్వు మంట చూస్తూ కూర్చున్నాను. నాన్న ఆయన చెవిలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. "మీ ఊరి పేరేంటయ్యా? మీ అమ్మ పేరు చెప్పు. నిద్రపోకు." జవాబు రావడంలేదు. డాక్టరుగారు ఒకసారి వాచీ చూసి, జేబులోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఆగండి" అన్నాడు నాన్న.

ఏమీ కనిపించలేదు మాకు. తర్వాత మంకీక్యాప్ కింద దవడ ఒకసారి అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. కాసేపటికి రగ్గులన్నీ కదలసాగాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు బయటికి వినబడుతుందేమోనని అమ్మ వంటింటి కిటికీ మూసేసింది. మూసి, అక్కడే తల ఆనించి ఏడ్చింది.

"రాములమ్మ" అన్నాడు రాంచందర్ అన్న, పళ్ళ మధ్య నుంచి. "మా అమ్మ... రాములమ్మ."

గుటక వెయ్యగలుగుతున్నాడని చూసుకున్నాకే డాక్టరుగారు పంచదార ఎక్కువ వేసిన హార్లిక్స్ చెంచాతో పట్టమన్నారు. పదకొండింటికి గేటు దగ్గర వైర్‌లెస్ గరగరమంది. కానిస్టేబుళ్ళు లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ రాజన్న కుర్చీలు రెండూ తెచ్చి గేటు లోపల పెట్టాడు.

మధ్యాహ్నం డాక్టరుగారి కారులోనే, వెనక సీట్లో పడుకోబెట్టి, ఆయనకి తెలిసిన నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళాం. రెండ్రోజులు ఉంచారు. మొదటిరోజు అక్కడి బెంచీ మీద కూర్చున్నప్పుడు నాన్న అడిగాడు.

"ఏడింటిదాకా ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయమేసింది."

"పోలీసులంటేనా?"

నేను నేల చూశాను. నాన్న మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచి మాత్రం సుందరరావు మామయ్య ఫోన్ చేస్తే, తీయడానికి నాన్న లేచేవాడు కాదు. అమ్మే తీసి, "ఇప్పుడేం అమ్మట్లేదురా" అని చెప్పేది.

రాంచందర్ అన్నని కింద మా గదిలోనే ఉంచుకున్నాం. లేచి కూర్చున్న రోజునే నాన్నకీ ఆయనకీ వాదన మొదలైంది. రాష్ట్రం గురించి ఇద్దరూ చివరిదాకా ఒక్క మాట మీదికి రాలేదు. గది కూడా ఆయన జనవరి చివర ఖాళీ చేశాడు. హాస్టల్ తెరిచారనీ, ఇక్కడుంటే మాకు ప్రమాదమనీ అన్నాడు. నాన్న వద్దనబోయి ఊరుకున్నాడు. కానీ నేను చెప్పదలుచుకున్నది దానికి ముందు సంగతి. ఆయన నర్సింగ్‌హోము నుంచి వచ్చిన మర్నాడు రాములమ్మ మా ఇంటికొచ్చిన సంగతి.

జనగామ బస్సు దిగి, దారి అడుగుతూ అడుగుతూ వచ్చింది. కొడుకుని తడిమి తడిమి చూసుకుంది. తర్వాత వరండాలో నాన్నకి ఎదురుగా నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది.

"మీకెట్ల తెల్సు సారూ ఇదంత? డాక్టరు సదివిన్రా?"

"లేదమ్మా." నాన్న చేతులు చూసుకున్నాడు. "మాది సముద్రం పక్క. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చింది."

"ఇన్న. మస్తు మంది పోయిన్రట."

"నాకు పదిహేడేళ్ళు. నేనూ మా చెల్లీ తాడిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్నాం. మెడదాకా నీళ్ళు, పైన వాన, గాలి. తెల్లారాక నీళ్ళు తీశాయి. దాన్ని నేనే కిందికి దింపాను. బతికే ఉంది. మాట్లాడింది. చలి లేదన్నయ్యా అంది. వణకట్లేదు. పోనీలే, తేరుకుందనుకున్నా. ఒళ్ళంతా గట్టిగా రుద్దాను. నడిస్తే వేడి పుడుతుందని లేపి, గట్టు మీద నడిపించాను. పది అడుగులు వేసింది."

అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. చెల్లెలు ఉప్పెనలో పోయిందని మాత్రమే ఆమెకి తెలుసు. పాతికేళ్ళ కాపురంలో ఈ మాట ఆమెకీ చెప్పలేదు.

"తర్వాతెప్పుడో మా ల్యాబుకొచ్చిన ఒక డాక్టర్ని అడిగితే చెప్పాడు. పడుకోబెట్టి ఉంచాల్సిందని. ఆ పుస్తకాలు తెప్పించుకుని చదివాను. అప్పుడు తెలిసి ఏం లాభం?"

"ఏం పేరు బిడ్డది?"

"నాంచారి."

"ఎన్నేండ్లుండె?"

"పదమూడు."

రాములమ్మ దేవుడి మాట ఎత్తలేదు. రాత అనలేదు. కాసేపు నాన్న ముఖంలోకి చూసింది. తర్వాత, తన ఊళ్ళో తమ్ముడితో మాట్లాడినట్టు అంది:

"నడిపిస్తె మంచిదనుకున్నవు బిడ్డా. గంతే గదా. ఎవరైన గదే చేస్తరు."

నాన్న తలూపాడు.

"అవునమ్మా" అన్నాడు. "నడిపిస్తే మంచిదనుకున్నాను."